రాస్ కొండ మెట్ల దగ్గర

ఎవరో చెయ్యి పట్టుకునేసరికి దీనా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

ఓ ముసలామె. నేత చీర, గడ్డం మీద పచ్చబొట్టు.

విశాఖపట్నం పాత ఊరు చూడ్డం దీనాకి అదే మొదలు. అనకాపల్లి నుంచి గంటన్నర ప్రయాణమే అయినా ఇరవై ఏళ్ళొచ్చేదాకా కుదరలేదు. రెండువేల మూడులో డిగ్రీ పరీక్షలయ్యాక, స్నేహితురాలు కృపాజ్యోతితో కలిసి పొద్దున్నే పాసింజరెక్కి వచ్చింది. కురుపాం మార్కెట్ రాతి తోరణం చూశారు. ఇంగ్లీషువాళ్ళ నాటి సమాధులు చూశారు. కెమెరాలో రీలు సగం అయిపోయింది. మరియమ్మ గుడికని రాస్ కొండ మెట్ల దగ్గరకొస్తే, ఈ ముసలామె.

"మీది అనకాపల్లి గదా పాపా?"

"మీకెలా తెలుసు?"

"ముకం సూత్తే తెల్దేటి? అచ్చం అమ్మ పోలిక."

కృపాజ్యోతి దీనా చెవిలో గుసగుసలాడింది.

"నీ చేతిలో సంచీ చదివిందే. బట్టల కొట్టు పేరు కింద ఊరు పేరుంది. మా పిన్నికి ఇలాగే మాటలు చెప్పి మెళ్ళో గొలుసు లాగేసేరు."

దీనా తన గొలుసుని చున్నీ కిందకి తోసుకుంది.

"అమ్మ బాగుందా? వచ్చే శనోరం అనకాపల్లి వద్దామనే అనుకుంటన్నాను."

ఎలాగోలా వదిలించుకోవాలనుకుంది దీనా.

"మా అమ్మ లేదు. పోయి రెండేళ్ళయింది."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో దీనాకే తెలియలేదు.

ముసలామె చెయ్యి వదిలేసింది. మెట్టు మీద కూలబడింది.

"నాకెవులూ కబురు సెప్పలేదమ్మా," అంది. లేచి దీనా తల నిమరబోయింది.

దీనా చప్పున వెనక్కి జరిగింది.

"అంతా నటన. పద," అంది కృపాజ్యోతి.

కొండెక్కడం మానేసి ఇద్దరూ ఆటో ఎక్కేశారు.

సాయంత్రం ఇంట్లో దీనా ఇదంతా తల్లి అంతోనమ్మకి నవ్వుతూ చెప్పింది. తనాడిన అబద్ధం మాత్రం చెప్పలేదు.

అంతోనమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది.

"పచ్చబొట్టు గడ్డం మీదా? మూడు సుక్కలా?"

"అవును. ఎవరమ్మా ఆవిడ?"

"కాసులమ్మ. జూట్ మిల్లు కూలీల లైన్లో మన పక్కిల్లు. నీకు రెండేళ్ళప్పుడు కలకత్తా ఎల్లిపోయేరు. మరి ఏ కబురూ లేదు. రేపు పొద్దున్నే పోదాం."

దీనా నవ్వు ఆగిపోయింది.

మర్నాడు బస్సులో అంతోనమ్మ దారంతా మిల్లు రోజుల కబుర్లే చెప్పింది. నిన్నటి మాట చెప్పెయ్యాలని దీనా రెండు మూడుసార్లు నోరు తెరిచింది. లంకెలపాలెం దాటింది, గాజువాక దాటింది.

మెట్ల దగ్గర కొవ్వొత్తులమ్మే అప్పలకొండమ్మని అడిగారు.

"పచ్చబొట్టు మామ్మా? నిన్న మద్దినమే ఎల్లిపోయిందమ్మా. శనోరం దాకా ఉండాలనే వచ్చిందంట. అనకాపల్లిలో అంతోనమ్మని ఎవరో సచ్చిపోయేరని తెలిసింది పాపం. ఆవిడ పేర కొవ్వొత్తి ఎలిగించి, ఇంక నాకిక్కడ ఎవులున్నారని కలకత్తా బండికి పోయింది."

"కలకత్తాలో ఎక్కడంట?"

"నానడగలేదమ్మా."

అంతోనమ్మ కూతురి వైపు చూసింది.

దీనా తలెత్తలేకపోయింది. "అమ్మా, నేనే... వదిలించుకోవాలని..."

"తప్పు నాదీ ఉంది. నీకు ముందే సెప్పుంటే ఆవిడ్ని అలాగ పొమ్మనేదానివి కాదు. సెప్తే నాకంటే ఆవిడే ఎక్కువైపోతాదని బయపడ్డాను."

"ఏటమ్మా చెప్పనిది?"

అంతోనమ్మ ఆ మెట్టు మీదే కూర్చుంది.

"నువ్వు పుట్టిన వారానికి నాకు టైఫాయిడ్ వచ్చి పాలు పోయేయి. కాసులమ్మ తన పసిగుడ్డుని మట్టి సేసొచ్చిన సాయంత్రమే, నువ్వు ఏడత్తంటే ఇని, నిన్ను ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చింది."