మూడు మేకులు

కిటికీ మళ్లీ తెరిచి ఉంది.

పొద్దున అరుణే దాన్ని మూసింది. గడియ ఊడిపోయింది కాబట్టి రెక్కల మధ్య గుడ్డ పీలిక కుక్కింది. ఇప్పుడు ఆ పీలిక కింద పడి ఉంది.

మంచం మీద కూతురు కావ్య. పక్కన ఇరవై రోజుల పాప.

"నువ్వు తెరిచినవా?"

"నేనెందుకు తెరుస్తనమ్మా? మంచం దిగనే లేదు."

గడియారంలో ఒంటిగంట. నిన్నా ఇదే వేళ. మొన్నా ఇదే వేళ.

గిర్మాజిపేటలో ఈ ఇంట్లోకి కిరాయికి వచ్చి రెండు నెలలైంది. కూతురి కాన్పు కోసమే తీసుకుంది. రోహిణి కార్తె ఎండలు. బాలింతకు గాలి సోకకూడదని కిటికీ మూసింది. ఉక్కకు తట్టుకోవాలని గదిలో కూలర్ పెట్టింది.

నాలుగో రోజు అరుణ సందులో గోడ చాటున కాపు కాసింది.

ఒంటిగంటకు ఒక ముసలామె వచ్చింది. నెత్తి మీది చీపుర్ల కట్ట దించింది. కిటికీ రెక్క పట్టుకుని లాగింది.

అరుణ ఆమె చెయ్యి దొరకబుచ్చుకుంది.

"ఎవరే నువ్వు? దొంగతనానికొచ్చినవా?"

"కాదు బిడ్డా. జర తెరిచి ఉండనియ్యి."

"లోపల బాలింత ఉన్నది. తెల్వదా?"

"తెలుసు. పాప ఏడుపు ఇనబడ్డది. అందుకే."

"దిష్టి పెట్టనీకి నా ఇల్లే దొరికిందా? చీపుర్లు అమ్ముకునేదానివి అమ్ముకో పో. కిటికీలతోని నీకేం పని?"

ముసలామె కట్ట ఎత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"కూలర్ నడిచినంత సేపు మూయకు బిడ్డా. నీకు దండం పెడ్త."

ఆ సాయంత్రమే అరుణ సుత్తె తెచ్చింది. చట్రంలో పాత మేకుల బొక్కలు మూడు ఉన్నాయి. కొత్త మేకులు వాటిలోనే దిగాయి. గట్టిగా కొట్టాల్సిన పని కూడా లేకపోయింది.

తెల్లారేసరికి గోడలు చెమర్చాయి. దండెం మీద పాప గుడ్డలు ఆరలేదు. అగ్గిపుల్ల వెలగలేదు. ఉక్క తగ్గడం లేదని అరుణ కూలర్‌లో ఇంకో రెండు బిందెలు పోసింది.

ఒంటిగంట కావస్తుండగా కావ్య పిలిచింది.

"అమ్మా, పాప పాలు తాగుతలేదు. కండ్లు తెరుస్తలేదు."

పాప ఒళ్లు కాలుతోంది. అరుణ తడిగుడ్డతో తుడిచింది. ఆ తడి అలాగే ఉండిపోయింది.

కిటికీ మీద దెబ్బ పడింది. ఇంకోటి. మూడో దెబ్బకు చెక్క విరిగి లోపల పడింది.

సందులోంచి వేడిగాలి కొట్టింది. పాప ఒంటి మీది తడి ఆరడం మొదలైంది. కాసేపటికి కాలు కదిపింది. ఏడ్చింది.

అరుణ బయటికి ఉరికింది. ముసలామె గోడకు ఆనుకుని కూర్చుంది. చేతిలో రాయి. వేళ్లకు నెత్తురు.

"పాప ఏడ్చిందా?"

"ఏడ్చింది. నీ కండ్లు చల్లబడ్డయా?"

"ఏడ్చిందిగదా. సాలు. జర మంచినీళ్లు ఇయ్యి బిడ్డా."

"ముందు ఈడికెల్లి లేస్తవా, పోలీసోళ్లను పిల్వాల్నా?"

ముసలామె గోడ పట్టుకుని లేచింది. ఎండలో పడి వెళ్లిపోయింది. చీపుర్ల కట్ట అక్కడే ఉండిపోయింది.

పాపను ఆ రాత్రి దవాఖానలో ఉంచుకుని పొద్దున పంపారు. గాలి ఆడే చోట పడుకోబెట్టమని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

ఇంటికి రాగానే అరుణ కూలర్ మెకానిక్‌ను పిలిపించింది. భానుచందర్ వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"కూలర్‌కు నీళ్లు పోస్తాన్రా అక్కా, గదికి స్నానం చేపిస్తాన్రా?"

"కూలర్ ఖరాబైంది తమ్మీ. చల్లగ అయితలేదు."

"దానికేం కాలే. గడ్డిల నీళ్లు ఆరితేనే గాలి చల్లగైతది. కిటికీ మూస్తే గది నిండ ఆవిరే. ఇగ గడ్డి ఆరది, ఒంటి మీద చెమటా ఆరది. మనిషి ఉడికిపోతడు." విరిగిన చెక్క వైపు తల ఊపాడు. "మంచిగ పగలగొట్టిండ్రు."

"నేను కాదు. చీపుర్లమ్మే ముసలామె."

భానుచందర్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది.

"సోమక్కనా?"

"పేరు తెల్వదు. రోజూ ఒంటిగంటకు వస్తది. ఇయ్యాల కట్ట కోసమన్న రాదా అని చూస్తాన."

కిటికీ గూట్లో చెంబెడు నీళ్లు పెట్టి ఉన్నాయి. కింద చీపుర్ల కట్ట.

"ఇగ రాదక్కా. నిన్న రెండు గంటలకు చౌరస్తాల ఎండకు పడిపోయింది. లేపి నీళ్లు తాపేలోపే పానం పోయింది."

అరుణ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది.

"ఆమె ఎవరు తమ్మీ?"

"నిరుడు ఈ గదిల ఉన్నది ఆమెనే. ఆమె బిడ్డ కాన్పుకొచ్చింది. కూలర్ నేనే పెట్టిన. కిటికీ తెరిచిపెట్టుమని చెప్పే పోయిన. ఓ రోజు ఒంటిగంటకు చూస్తే పసిదాంట్ల ఊపిరి లేదు."

"తెరవలేదా?"

భానుచందర్ చట్రంలో మిగిలిన మేకును వేళ్లతోనే పీకాడు. అది సులువుగా వచ్చింది.

"బాలింతకు గాలి సోకుతదని, ఈ మూడు బొక్కలల్ల ఆనాడు మేకులు కొట్టింది సోమక్కనే."