రెండు గడులు

తలుపుకి తాళం.

గోవిందరాజు సంచి దించి గోడకి ఆనుకున్నాడు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మేడమెట్లన్నీ అతని మోకాళ్ళకి పేరుపేరునా తెలుసు. పన్నెండేళ్ళుగా కొరియర్ కంపెనీ పార్సిళ్ళు పంచుతున్నాడు. ఎక్కిన మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఈపాటికి చంద్రుడికి కూడా ఏదో ఒకటి అందించి సంతకం పెట్టించుకుని వచ్చేవాడు.

తాళం కనిపిస్తున్నా తలుపు మూడుసార్లు తట్టాడు. తట్టాలని రూలు.

పక్క వాటాలోంచి జగ్గమ్మ తొంగి చూసింది. నోట్లో చుట్ట.

"ఏటి గోయిందూ, తాళమేనా?"

"తాళమే పిన్నీ."

"ఆ ఇంటోడు కోడి కుయ్యకముందే పోతాడు, దీపాలెట్టినాక వస్తాడు. మిట్టమజ్జాన్నం నీకెలా దొరుకుతాడ్రా?"

"నాకెప్పుడూ దొరకడు పిన్నీ."

"అయితే ఇలా తే. ఏలిముద్దరేసి నాను పుచ్చుకుంటాను."

"ఎర్రముద్దర ఏసినారు. పేరున్నోడే సంతకం ఎట్టాల."

పలకంత పార్సిల్ అది. లోపల ఏముందో వాడకంతా తెలుసు. ఆ ఇంటి ఇల్లాలు పురిటికి సోంపేట వెళ్ళింది. ఆడపిల్ల పుట్టి నలభై రోజులైంది. తండ్రి ఇంకా పిల్ల మొహం చూడలేదు. పిల్ల మేనమామ ఫోటో తీయించి, అద్దం కట్టించి పంపాడు. మహా జాగ్రత్తపరుడు. బావ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదని ఎర్రముద్ర వేయించి మరీ పంపాడు.

మూడుసార్లు తిరిగినా మనిషి దొరక్కపోతే పార్సిల్ వెనక్కి పోతుంది.

గోవిందరాజు చీటీ మీద టైము వేసి తలుపుకి అంటించాడు. 'మొదటిసారి. పార్టీ ఇంట్లో లేడు.'

పంచగా మిగిలినవి ఇంటికి వెళ్ళేలోగా ఆఫీసులో ఒప్పజెప్పాలి. అక్కడ మృత్యుంజయ దాదా ఉంటాడు, సూపర్‌వైజరు. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తిన ఏడాది కలకత్తాలో వానలు పడవని ఆఫీసులో చెప్పుకుంటారు. ఏటా వీధులు మునుగుతూనే ఉన్నాయి.

"దాదా, ఈ ఒక్కదానికి నేనే సంతకం పెట్టేస్తే?" గోవిందరాజు బెంగాలీలో అడిగాడు.

"ఇచ్చినవాడిది ఒక గడి. పుచ్చుకున్నవాడిది ఒక గడి. రెండింట్లో ఒకే చేతిరాత కనబడిందా, మర్నాడు నువ్వుండవు. రెండు గడులూ తనే నింపిన కామేష్ ఏమయ్యాడు?"

"ఎవరి పార్సిలైనా అంతేనా?"

"దేవుడి పార్సిలైనా అంతే. చెకింగుకి వచ్చేవాడికి నీ బాధ కనబడదు. గడులే కనబడతాయి. పార్టీనే కౌంటరుకి రమ్మను. పదకొండు నుంచి నాలుగు."

"ఆ టైములో డ్యూటీలో ఉంటాడు దాదా."

"ఒకరోజు సెలవు పెట్టమను."

"ఇవ్వరు. దుర్గాపూజ దాకా ఎవరికీ ఇవ్వరు."

"ఎలాంటి ఆఫీసయ్యా అది?" అన్నాడు మృత్యుంజయ దాదా, తల ఎత్తకుండానే.

గోవిందరాజు పార్సిల్ బల్ల మీద పెట్టి ఒప్పజెప్పాడు.

మంగళవారం మోమిన్‌పూర్ దగ్గర ఎర్రజెండాల ఊరేగింపు అడ్డం పడింది. గంటన్నర నిలబడ్డాడు. దాన్ని దాటితే పూజ పందిరి వెదుళ్ళు వీధి నిండా. వకీలుగారింట్లో సంతకానికి ఇంకో అరగంట. ఆ సంతకం మొదలైన గడిలో ముగియదు, నాలుగిళ్ళ అవతలివాళ్ళ గడిలో దిగుతుంది. అన్నీ అయ్యి మూడంతస్తులూ ఎక్కేసరికి మళ్ళీ తాళం.

నిన్నటి చీటీ తలుపుకి లేదు. అంటే, పార్టీ సాయంత్రం వచ్చాడు. చీటీ చూసుకున్నాడు. పొద్దున్నే మళ్ళీ వెళ్ళిపోయాడు.

'రెండోసారి.'

దిగుతుంటే పార్సిల్లో గాజు కదిలిన చప్పుడు వినబడింది. గోవిందరాజు ఆగి, మెడలోని తువాలు తీసి దానికి చుట్టాడు. అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.

బుధవారం తలుపు తట్టి, గడప మీదే కూలబడ్డాడు. పార్సిల్ ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితం మీంచే అద్దం అంచులు తడిమాడు.

జగ్గమ్మ వేళాకోళం ఆడలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఇప్పీరా. ఎవుడు చూస్తాడు? నాను సెప్తానేటి?"

"సీలు ఇప్పితే దొంగతనం రాస్తారు పిన్నీ."

"ఓలమ్మో! పిల్ల మొకం చూస్తే దొంగతనమా?"

"ఉజ్జోగం పోతే పిల్లకి పాలెవుడు పోస్తాడు?"

జగ్గమ్మ చెంబు తీసుకుని లోపలికి పోయింది. వెళ్ళేముందు ఆ తాళం వంక చూసి తుపుక్కున ఉమ్మింది.

'మూడోసారి. వెనక్కి.' చీటీ వంకరగా అంటుకుంది. ఊడదీసి సరిగ్గా అంటించాడు.

ఐదింటికి మృత్యుంజయ దాదా ముద్ర కొట్టి, పార్సిల్‌ని సోంపేట వెళ్ళే గోనెలోకి వదిలాడు. గలగలమంది.

"పగిలినట్టుంది."

"అద్దమే దాదా. ఫోటోకి ఏమీ కాదు. అడుగున మాత్రం పెట్టకండి."

దీపాలు పెట్టే వేళకి గోవిందరాజు మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కి, మధ్యాహ్నం అంటించిన చీటీని గోటితో గీకి తీసి, జేబులోంచి తాళంచెవి తీసి ఆ తలుపు తెరిచి తన ఇంట్లోకి వెళ్ళాడు.