కింది వాటా చెవులు

“ఆయన సరేనన్న స్పీకర్లే ఇవ్వండి. లేకపోతే నా గది ఊడుతుంది,” అన్నాడు పైవాటాలో అద్దెకుండే దర్జీ, కొట్టువాడి చెవిలో.

పక్కనే నిలబడ్డాడు ఇంటాయన. దర్జీ కంప్యూటర్లో ఆట మొదలెడితే చాలు, కింది వాటాలోంచి కర్రతో పైకప్పు పొడిచే మనిషి.

కొట్టువాడు అన్నిటికన్నా చవక జత తగిలించి ఆట పెట్టాడు. తుపాకులు దోమల్లా మూలిగాయి. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

“ఇది చాలు కదా, బాబాయ్?”

“ఏం చాలు? అడుగుల చప్పుడు ఏ పక్కనుంచో తెలిసి చావడం లేదు.”

“ఎవరి అడుగులు?”

“శత్రువులవయ్యా! మొన్న నీ వెనకాల మెట్లెక్కి వచ్చాడే, వాడు నాకు కింద మంచం మీదికి వినబడ్డాడు. కర్రతో పొడిచి మరీ చెప్పాను. నువ్వేమో సౌండు తగ్గించి, చచ్చి ఊరుకున్నావు.”



ఇంటాయన ఇంకో జత పెట్టించి, కళ్ళు మూసుకుని విన్నాడు. తుపాకులయ్యాక ఒక పాట కూడా వేయించుకున్నాడు.

“ధర కూడా అందేలా ఉంది. ఇదే కట్టివ్వు. ఎడమదాన్ని మాత్రం నీ గదిలో సరిగ్గా మా మంచానికి పైన వచ్చేలా పెట్టాలబ్బాయ్.”

కొట్టువాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఇంతకీ ఆడేది ఎవరండీ?”

“ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే అనుకున్నానండీ,” అన్నాడు దర్జీ.