సంత చుట్టూ ఒకసారి

గాసి భుజమెక్కి సైకిలు కొండకొచ్చింది.

చింతపల్లి సంతలో ముచ్చటపడి కొన్నాడు. తమ ఊరికి సైకిలు నడిచే దారే లేదన్న సంగతి వాగు దాటాక గుర్తొచ్చింది.

ఇప్పుడది చూరు కింద ఉంది. హేండిలు మీద కోళ్లు పడుకుంటాయి.

అంతకుముందు గోడగడియారం తెచ్చాడు. ఆ ఇంట్లో టైము చూడ్డం వచ్చినవాళ్లు లేరు. ఆ తర్వాత పావురాల జత. అవి ఇల్లు చేరకముందే ఎగిరిపోయాయి.

మనిషి మంచివాడే. పేకాట తెలీదు, తగువులు తెలీవు. మిరియాలమ్మిన డబ్బు చేతిలో పడితే మాత్రం కాళ్లు నేలమీద ఆనవు. కంటికి నచ్చింది ఆ క్షణాన కొనకపోతే ప్రాణం పోయేటట్టుంటుంది. ఇంటికి చేరేలోగా ఆ వస్తువునే చూసి ఏడుపొస్తుంది.

ఇలాంటి తత్వానికి డాక్టర్ల దగ్గర ఓ పేరుందని తొంభైల నాటి ఆ కొండమీద ఎవరికి తెలుసు? గాలి మనిషి అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

నవ్వనిది అతని భార్య సోములమ్మ ఒక్కతే. సైకిలు వచ్చిన ఏడాది అంబలికి చోళ్లు లేక, అడవిలో దుంపలు తవ్వుకొచ్చి ఉడకేసింది.

ఆ దుంపలు తింటూ గాసే అన్నాడు.

"డబ్బులు నా సేతికియ్యకే. నా సేతికి బుద్ధి లేదు."

అప్పట్నుంచీ మిరియాల డబ్బు సోములమ్మ కొంగుముడిలోకి పోయేది. సంత కొసన, రేకుల షెడ్డు పక్కన ఆమె అల్లం, చీపుర్లు పెట్టుకుని కూర్చునేది. గాసికి ఏదైనా కావాలంటే అక్కడికొచ్చి అడగాలి.

ఆమె ఏనాడూ కాదనలేదు. ఒకటే మాట.

"సంత సుట్టూ ఒకపాలి తిరిగి రా మావా. తిరిగొచ్చినాక కూడా కావాలనుంటే కొందుం. మరిసిపోతే అది నీకక్కర్లేనిదే."

గాసి తిరిగేవాడు. ఎండుచేపల వరస, కుండల వరస, గాజుల వరస దాటేసరికి తనేం అడిగాడో తనకే గుర్తుండేది కాదు. ఆమె ముందుకొచ్చి నిలబడి తల గోక్కునేవాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు.

అలా ఇల్లు నిలబడింది. చోళ్ల గంప నిండుగా ఉండేది. ఇంటిమీద రేకులు కూడా పడ్డాయి.

ఒక మార్గశిరంలో చలి ముందే దిగింది. సోములమ్మకు దగ్గు పట్టుకుంది.

సంతలో రగ్గులవాడు తాడు కట్టి రగ్గులు వేలాడదీశాడు. సోములమ్మ నేరేడుపండు రంగు రగ్గు దగ్గర ఆగింది. అంచు పట్టుకుని చెంపకు ఆనించుకుంది. తన కోసమని ఆమె ఒక వస్తువు ముందు ఆగడం గాసి అంతవరకూ చూడలేదు.

"కొందుమే! బేగి ముడి ఇప్పు."

ఆమె రగ్గు వదిలేసింది. నవ్వింది.

"మాటంటే మాటే. సంత సుట్టూ ఒకపాలి తిరిగి రా."

గాసి బయల్దేరాడు. రగ్గు, రగ్గు అనుకుంటూనే ఎండుచేపలు దాటాడు. కుండలు దాటాడు.

అక్కడ ఓ జీపు మొరాయించింది. జనం తోస్తున్నారు. గాసి కూడా ఓ చెయ్యేశాడు. ఆ తర్వాత డ్రైవరు బానెట్ ఎత్తాడు. లోపలేముందో చూడొద్దా మరి?

తిరిగొచ్చేసరికి తాడు లేదు, రగ్గులవాడు లేడు. సోములమ్మ ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎల్దుమా మావా?" అంది. ఇంకేమీ అడగలేదు.

దారంతా జీపు కబుర్లే చెప్పాడు గాసి. వాగు దాటాక ఆమె దగ్గింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఉన్నచోటే నిలబడిపోయాడు.

"సోములూ... రగ్గు!"

"ఒచ్చే సంతకి సూద్దుం లే" అంది, వెనక్కి తిరక్కుండానే.

వచ్చే సంతకు ఆమె మంచం దిగలేకపోయింది. డోలీ కట్టి ఆస్పత్రికి మోసుకుపోతుంటే, ఊళ్లోని పాత దుప్పట్లన్నీ తెచ్చి కప్పారు. అయినా వణుకుతూనే ఉంది.

పుష్యం దాటలేదు.

జ్వరంతో పోయిందన్నారు అందరూ. రగ్గుంటే బతికేదని ఎవరూ అనలేదు. గాసిని తినేస్తున్నది వేరే. మరిచిపోతే అక్కర్లేనిదే అని చెప్పింది ఆవిడే. ఆ మాటే తలుచుకుంటూ పోయిందేమో. మంచం పక్కన అన్ని రోజులు కూర్చుని కూడా, అలా కాదే అని ఒక్కసారి చెప్పలేకపోయాడు.

మళ్లీ చలికాలం వచ్చింది.

గాసి ఒక్కడే సంతకొచ్చాడు. మిరియాల డబ్బు తన గుప్పిట్లోనే ఉంది. రగ్గులవాడు మళ్లీ తాడు కట్టాడు. నేరేడుపండు రంగుది ఈసారీ ఉంది.

"తీసుకో పెద్దయ్యా. ఎవరికి?" అన్నాడు రగ్గులవాడు.

"ఉండు. ఒకపాలి తిరిగొత్తాను."

ఎండుచేపలు, కుండలు, గాజులు. ఎవరో పేరు పెట్టి పిలిచారు, పలకలేదు. జీపు హారను కొట్టింది, తలెత్తలేదు.

రేకుల షెడ్డు పక్కకొచ్చి ఆగాడు. సోములమ్మ కూర్చునే చోట ఇప్పుడు గంగ అనే పిల్ల అల్లం పోసుకుని కూర్చుంది.

"ఏటి పెదనాన్నా, ఏటి కావాల?"

గాసి ఆ పిల్లను చూడలేదు. ఆ నేలను చూశాడు.

"తిరిగొచ్చినానే" అన్నాడు. "ఇంకా కావాలనే ఉంది."