కిటికీ అక్క ఓర్పు

నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర ఆమె కూర్చుని పన్నెండేళ్లయింది. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. మిగతా అందరికీ కిటికీ అక్క.

కుళాయి రాకపోయినా, వచ్చిన నీళ్లు కంపు కొట్టినా జనం అరిచేది ఆమె మీదే. అద్దానికి జానెడు కన్నం. అందులోంచి తిట్లు లోపలికొస్తాయి, "మీ ఇబ్బంది అర్థమైందండి" అనే మాట బయటికి పోతుంది. సాయంత్రం అద్దం మీది ఉమ్మి తుంపర్లు పాత పేపరుతో తుడిచి ఇంటికెళ్తుంది. మొగుడు కూరలో ఉప్పు తక్కువైందంటే, "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండి" అనేసి నాలిక్కరుచుకుంటుంది.

ఈమధ్య గుండెదడ పట్టుకుంది. పొద్దున కిటికీ షట్టర్ ఎత్తే చప్పుడుకే చేతులు చల్లబడుతున్నాయి. సీటు మారకపోతే మంచాన పడతావని డాక్టరు తేల్చేశాడు. రికార్డు గదికి వేయమని పెద్దసార్‌ని ఏడుసార్లు అడిగింది. ఏడుసార్లూ ఒకటే జవాబు.

"నీ అంత ఓర్పు ఎవరికుందమ్మా? ఇంకొకళ్లని కూర్చోబెడితే మధ్యాహ్నానికల్లా ఆ అద్దం పగులుతుంది."

దున్నే ఎద్దునే పొడుస్తారు మరి.

అలాంటి రోజుల్లో ఆఫీసులో శిక్షణ పెట్టారు. చెప్పేది కిందటి నెలే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఇంకా ఏ సీటూ ఖాయం కాలేదు. మనసుల గురించి పెద్ద చదువు చదివింది. వచ్చీరాగానే కూర్చుని ఈ కోర్సంతా తనే తయారుచేసింది.

ఆ పొద్దున కిటికీ అక్క పెద్దసార్ గదిలోకెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడింది. బయటికొచ్చి, శిక్షణ గదిలో ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. పెద్దసార్ వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. తలుపు వేశారు.

"పాత కోర్సుల్లో మనిషిలో లోపం ఎక్కడుందా అని వెతికేవాళ్లు" అంది అమ్మాయి. "ఇందులో బలం ఎక్కడుందా అని వెతుకుతాం. ఇక్కడ తప్పు జవాబనేదే లేదు. ఫెయిలవడం అసలే లేదు."

"అయితే బయటపడే దారే లేదన్నమాట" అంది కిటికీ అక్క.

అందరూ గొల్లుమన్నారు. అమ్మాయి కూడా నవ్వింది. "ఈ వారం మీకు జరిగిన మూడు మంచి విషయాలు చెప్పండక్కా."

"ఒకటి, ఆదివారం వచ్చింది. రెండు, వచ్చినంత సేపు పట్టలేదు పోవడానికి. మూడోది నువ్వు నోరు మూశాక చెప్తాను."

నవ్వులు ఆగిపోయాయి. పక్కనున్న ప్లంబర్ బాబాయ్ మోచేత్తో పొడిచాడు. "ఇవాళ ఏం తిని వచ్చావమ్మా? నోరు మంచిదైతే ఊరు మంచిదని మాకు చెప్పేదానివే!"

"పర్లేదు బాబాయ్‌గారూ" అంది అమ్మాయి. "అక్కలో హాస్యం ఉంది. అదీ ఒక బలమే."

బోర్డు మీద 'హాస్యం' అని రాసింది.

కిటికీ అక్క ఊరుకోలేదు. బోర్డు మీద సూర్యుడి బొమ్మ చూసి, మేమేమన్నా బడిపిల్లలమా అంది. చెప్పిన మాటే అర్థం కాలేదని ఐదుసార్లు చెప్పించుకుంది. ఆరోసారి, "ఇందాక ఇంకోలా చెప్పావే, అబద్ధాలా?" అని బల్ల గుద్దింది. చేతికిచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

అమ్మాయి ఇంకో కాగితం ఇచ్చింది. "మీ కోపంలో నిజం ఉందక్కా. ఈ ప్రశ్న నేనే సరిగ్గా రాయలేదేమో. మళ్లీ చెప్పండి, రాసుకుంటాను."

బోర్డు మీద 'ముక్కుసూటితనం' చేరింది.

బురదలో బండి చక్రంలా ఉంది వ్యవహారం. ఎంత గింజుకుంటే అంత దిగబడుతోంది. ఏమన్నా బలమే, ఎటు తన్నినా పొగడ్తే.

"నీకన్నా పైవాళ్లెవరైనా ఉంటే పిలువు!" అని అరిచింది కిటికీ అక్క. "నీలాంటివాళ్లతో నాకు మాటలేంటి?"

వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది. పెద్దసార్ కదిలారు గానీ లేవలేదు.

అమ్మాయి కళ్లు ఒక్క క్షణం చెమర్చాయి. అంతలోనే సర్దుకుని, మంచినీళ్ల గ్లాసు తెచ్చి కిటికీ అక్క ముందు పెట్టింది. "గొంతు ఆరిపోయుంటుంది, తాగండక్కా. నాకేం తొందరలేదు."

కిటికీ అక్క గ్లాసు వంక చూసింది గానీ తాగలేదు.

చివర్లో ఒక్కొక్కరికి తోటివాళ్లు తలా ఒక చీటీ మీద ఒక బలం రాసివ్వాలి. కిటికీ అక్క వంతు వచ్చింది. చీటీలు విప్పి చదివింది అమ్మాయి. ఆరింటిలోనూ ఒకటే మాట, ఓర్పు.

"ఇవాళ చూశాక కూడానా?" అని గొణిగాడు బిల్లుల గుమాస్తా.

"పన్నెండేళ్లది రెండు గంటల్లో ఎక్కడికి పోతుందిరా" అన్నాడు ప్లంబర్ బాబాయ్.

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "చూశారా అక్కా? మీరు దాచినా దాగలేదు. ఎవరి బలం ఎక్కడుందో వాళ్లని అక్కడే ఉంచాలి. ఈ కోర్సు చెప్పేదంతా అదే."

కిటికీ అక్క తల వంచుకుంది. ఇక ఈ జన్మకి ఆ అద్దం వెనకేనని గదిలో అందరికీ అర్థమైపోయింది.

పెద్దసార్ లేచి ముందుకొచ్చారు. "విన్నావుగా. ఇక నువ్వేమంటావమ్మా?"

కిటికీ అక్క లేచి నిలబడింది. అమ్మాయి వైపు చూడలేక గోడవైపు తిరిగి చెప్పింది.

"పొద్దున మీరు ఒప్పుకున్నట్టే రెండు గంటలు నోటికొచ్చినట్టు తిట్టాను సార్, ఈ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు, రేపట్నుంచి నా కుర్చీలో తననే కూర్చోబెట్టండి."