బరువైనదే మంచిది

“అల్లం తూచే తక్కెట్ల ఈ ఇనుప సామానేంది?” నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది బాలమణి.

మాణిక్ తక్కెడ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. కశ్మీరు మంచుకొండల్లో ఉండే పటాలం అతనిది. సెలవు మీద జహీరాబాదు వచ్చినప్పటి నుంచి పెళ్ళాం మొహం కంటే ఈ ఇనుప ముక్కలనే ఎక్కువ చూస్తున్నాడు.

“వీటిని బైండింగులంటరు. మంచు మీద నడవనీకి కాళ్ళకు పొడుగు చెక్కలు కట్టుకుంటం గదా, బూటును చెక్కకు పట్టి ఉంచేటియి ఇవే. కెప్టెన్ సాబ్ రెండు రకాలు ఇచ్చిండు. నీకేది గావాల్నో చూసుకొని రేపు ఢిల్లీకి ఫోన్ జెయ్యుమన్నడు.”

ఒకటి బూటు అడుగున మొత్తం పరుచుకునే ఇనుప పలక. అడుగు తీసినప్పుడల్లా అదీ కాలితో పాటే లేస్తుంది. రెండోది బూటు కొసను రెండు పక్కలా చిన్న మొనలతో పట్టుకుంటుంది, అంతే. తక్కెట్లో దాన్ని తేల్చడానికి గుప్పెడు అల్లం సరిపోయింది.

మామ మల్లప్ప దాన్ని అరచేతిలో ఎగరేసి చూశాడు. “దినమంత ఎత్తి దించే కాలికి తేలికదే మంచిగుంటది బిడ్డా.”

“నాకు గూడ దీని మీదనే మనసున్నది నాయినా. బరువుది తొడిగితే సగం దూరంల్నే కాళ్ళు గుంజుతయి. ఇగ వెనక్కి మళ్ళి వచ్చుడే.”

వెనక్కి మళ్ళి రావడం అన్న మాట బాలమణి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. చలికాలంలో ఎవరూ ఎక్కని శిఖరం మీదికి పోతుందట అతని జట్టు. పోయినేడు అటు పోయినవాళ్ళలో ఒకడు కాలివేళ్ళు పోగొట్టుకుని వచ్చాడని మాణికే నోరు జారి చెప్పాడు. పోవద్దంటే వినే మనిషి కాదు. సగంలోంచి తిరిగొస్తే చాలు ఆమెకు.

“నన్నడిగితే బరువుదే మంచిది,” అంది.

“నీకేం తెలుస్తది?”

“మీకు తెలిస్తే తక్కెట్ల ఎందుకు వెట్టిన్రు?”

మల్లప్ప దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఏ సంగతీ నడిచి చూస్తేనే తేలుతుందని మాణిక్ వెంట తెచ్చుకున్న చెక్కల్లో ఎడమ కాలిదానికి బరువుది, కుడి కాలిదానికి తేలికది బిగించాడు. జహీరాబాదులో మంచు ఎక్కడిది? చక్కెర ఫ్యాక్టరీ వెనక చెరకు పిప్పి మాత్రం గుట్టలా పడి ఉంది. తెల్లారి అతను స్నానానికి పోగానే బాలమణి కత్తి మొనతో తేలికదాని స్క్రూలను వదులు చేసింది. పూర్తిగా ఊడకుండా, అలాగని పట్టూ నిలవకుండా.

పిప్పి గుట్ట కాడ కావలి ఉండే చెన్నబసప్ప ముందు వద్దన్నాడు. ఫౌజీ అని తెలిశాక తనే స్టూలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చున్నాడు. చెరకు బండ్లవాళ్ళు ఎద్దులను వదిలేసి వచ్చి నిలబడ్డారు.

మాణిక్ ఎడమ కాలు ఈడుస్తూ, కుడి కాలు ఆడిస్తూ గుట్ట ఎక్కాడు. పైనుంచి అరిచాడు. “నాయినా, కుడి కాలికి ఏమన్న కట్టుకున్ననా లేదా తెలుస్తనే లేదు.”

ఇంకా ఊడలేదేమని బాలమణి ఆ కుడి కాలినే చూసింది. తేలికదే తీసుకునేట్టు ఉన్నాడు.

అతను మడమలు బిగించి, ఒళ్ళు వంచి, కిందికి వదిలాడు. రెండు బారలు బాగానే జారాడు. అంతలో కుడి కాలి చెక్క తన దారిన తాను బయలుదేరింది. బండ్ల మధ్య నుంచి దూసుకుపోయి ఒక ఎద్దు ముందు ఆగింది. ఎద్దు దాన్ని వాసన చూసింది. మాణిక్ మాత్రం దొర్లుకుంటూ వచ్చి మెడ దాకా పిప్పిలో కూరుకుపోయాడు.

చెన్నబసప్ప స్టూలు మీద నుంచి లేవకుండానే అడిగాడు. “జవాన్ సాబ్, కశ్మీర్ల గూడ గిట్లనే దిగుతరా?”

బాలమణి పరుగెత్తి జుట్టులోంచి పిప్పి దులిపింది. గీరుకుపోయిన గడ్డం చూసి ఆమె మనసు చివుక్కుమంది.

మల్లప్ప చెక్కను తెచ్చి స్క్రూల వంక చూశాడు. తరువాత కోడలి వంక చూశాడు. ఆమె తల దించుకుంది. ముసలాయన చెక్కను మెల్లగా కింద పెట్టాడు.

“ఈ తేలికది నమ్మేటట్టు లేదు బిడ్డా,” అన్నాడు. “కోడలు చెప్పిందే సై.”

మాణిక్ పిప్పి దులుపుకుంటూ తలూపాడు.

మధ్యాహ్నం పోస్టాఫీసులో ట్రంకు కాల్ కలిసింది. బాలమణి గుమ్మం కాడ నిలబడింది. లైను సరిగా లేక మాణిక్ హిందీలో గట్టిగా అరుస్తుంటే తపాలా బిళ్ళల కోసం వచ్చినవాళ్ళు కూడా ఆగి విన్నారు.

“బరువువే సర్... అవును సర్, బరువువే... ఆలోచించుకునే చెప్తున్నాను సర్.”

అటునుంచి కెప్టెన్ ఏదో చెబుతూనే ఉన్నాడు. మాణిక్ మొహంలో రంగులు మారాయి. ఫోను పెట్టేసి బయటికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళు. చూస్తే కోపంగా ఉన్నట్టు లేడు.

“ఏమన్నడు సాబ్?” ఆశను గొంతులోనే నొక్కిపెట్టి అడిగింది బాలమణి. “పోవద్దన్నడా?”

మాణిక్ నలుగురున్నారని కూడా చూడకుండా ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అంత నీ పుణ్యమే బాలా. తేలికవి అడిగినోళ్ళందరిని కింద గుడారాల కాడనే ఉంచుతరట. బరువువి తొడిగి నడుస్తనన్న గట్టోడిని నేనొక్కన్నే దొరికిన్నట. అందరికన్న ముందుగాల శిఖరం మీదికి నన్నే పంపుతున్నడు.”