రాయి అయ్యే నది

“రెండు దోనెలు జతకట్టి పైన బల్లలు పరిస్తే బండి ఎక్కుతదని నిన్ననే చెప్పిన కదా హిడ్మా. ఇంకేంది ఆలస్యం?”

కోంటా రేవులో వర్తకుడు కోటిలింగం మోటారు సైకిలు పట్టుకుని నిలబడడం ఇది మూడో రోజు. ఉత్తర ధ్రువం దగ్గరి మంచు దేశాల్లో నాలుగు వేల మైళ్లు తిరగాలని రెండేళ్లుగా పటాలు గీసుకున్నాడు. ఓడ టికెట్టు కొన్నాడు. తీరా చూస్తే ఊరి పక్కనున్న శబరి నది దాటలేకపోతున్నాడు. నిన్న విసుగెత్తి జగదల్‌పూర్ సర్కారు కచేరీకి ఒక అర్జీ కూడా రాసి జేబులో పెట్టుకున్నాడు.

పడవ నడిపే హిడ్మా తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. “వరద నీళ్లు తగ్గినయి సేటూ. అయినా నేనే దాటియ్య.”

“ఎందుకని?”

“నువ్వు పోయే దేశంల చలికాలం నది రాయి అయితదని సంతల చెప్పినవు. దాని మీదికెల్లి బండ్లు పోతయన్నవు.”

“పోతయి. అయితే నీకేంది?”

“మరి అక్కడ పడవోడు ఏం తింటడు?”

కోటిలింగానికి ఒళ్లు మండింది. “నాకేం తెలుసు?”

“నువ్వు ఆ విద్య నేర్చుకొని వస్తవు. మా శబరిని గూడ రాయి చేస్తవు.”

“అది విద్య కాదురా, చలి. మనిషి చేసే పని కాదు.”

“అయితే శబరిని రాయి చెయ్యనని నీళ్లు ముట్టి చెప్పు. ఇప్పుడే దాటిస్త.”

ఇంతేనా అనుకుని కోటిలింగం వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. జేబులో మడిచిన అర్జీ గుండెకు గుచ్చుకుంది.

‘కోంటా రేవున శబరిపై రాతి వంతెన కట్టించ ప్రార్థన.’

చెయ్యి నీళ్లలోనే ఉంది. రెండో చెయ్యి జేబును మూసింది.